పక్షి దేశానిది, మేత ఖర్చు రైతుదా?

చలికాలం దగ్గరపడిందంటే కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల మీద కాపలా పని రెట్టింపవుతుంది. తెల్లవారకముందే నీటికాకులు బారులు తీరి దిగుతాయి. గట్టు వార నారాయణ పక్షులు, తెల్లకొంగలు నిలబడతాయి. కొన్ని ఊళ్ళలో గూడబాతులు కూడా గుంపులుగా వాలతాయి. డబ్బాలు మోగించేవారు కొందరు, టపాసులు కాల్చేవారు కొందరు, వడిసెల పట్టేవారు కొందరు. ఇన్ని చేసినా సాయంత్రానికి రైతు లెక్క చూసుకుంటే మిగిలేది కాపలా కూలి ఖర్చు, పోయిన పిల్ల ఖర్చు.

ఈ సమస్యపై మన సభ్యుల్లో రెండు వాదనలు బలంగా వినిపిస్తున్నాయి. నీటికాకులను హానికర జంతువులుగా ప్రకటించి కాల్చడానికి అనుమతి ఇవ్వాలని ఒకరంటారు. కేసుల భయం ఎందుకు, పక్షులు తినేది తింటే తిననీ అని మరొకరంటారు. మొదటిది మనకు పనికిరాదు, రెండోది మనం భరించలేం. ఈ రెంటికీ మధ్య చేయగలిగిన పని చాలా ఉంది. అందులో కొంత మన చేతిలో ఉంది, ఎక్కువ భాగం ప్రభుత్వం చేతిలో ఉంది. ఏది ఎవరి బాధ్యతో తేల్చుకోవడానికే ఈ సంపాదకీయం.

నష్టం ఎక్కడ జరుగుతోంది?

ముందుగా నష్టాన్ని సరిగా అర్థం చేసుకోవాలి. చెరువు మీద వాలిన ప్రతి పక్షీ చేపను తినదు. ముక్కు మధ్య సందు ఉండే నత్తగుల్ల కొంగ తినేది ప్రధానంగా నత్తలను. పశువుల వెంట తిరిగే చిన్న తెల్లకొంగ ఏరుకునేది పురుగులు, మిడతలు. చేపలు తినే పక్షులు కూడా అన్నీ ఒకే సైజు చేపను తినవు. చిన్న నీటికాకి బరువు సుమారు అర కిలో. అది వేలెడు, జానెడు పిల్లను మింగగలదు తప్ప కిలో బొచ్చెను ముట్టుకోలేదు. పెద్ద నీటికాకి, గూడబాతు కొంచెం పెద్ద చేపను కూడా పట్టగలవు. చీకటి కొంగ రాత్రిపూట వచ్చిపోతుంది కాబట్టి పగటి కాపలాకు అది కనిపించనే కనిపించదు.

నీటికాకులు రోజుకు తమ బరువులో అయిదో వంతు వరకు చేప తింటాయని ఒక మోస్తరు అంచనా. ఉదాహరణకు ఒక నర్సరీ చెరువులో రోజూ 50 చిన్న నీటికాకులు వాలి, ఒక్కొక్కటి 80 గ్రాములు తింటే రోజుకు 4 కిలోలు పోతుంది. పిల్ల ఒక్కోటి 4 గ్రాములు ఉంటే అది 1000 పిల్లలు. నెల రోజులు ఇలాగే సాగితే 30 వేల పిల్లలు. ఎకరాకు 3 వేల చొప్పున వదిలే రైతుకు అది 10 ఎకరాల విత్తనం. అదే 50 పక్షులు కిలో సైజు చేపలున్న చెరువు మీద వాలితే, అక్కడ అవి తినేది ఎక్కువగా కలుపు చేపలనే. పక్షుల సంఖ్య ఒకటే, తిండి ఒకటే. నష్టం మాత్రం ఒకచోట విత్తనానికి విత్తనమే పోవడం, మరోచోట దాదాపు ఏమీ లేకపోవడం. ఈ తేడా తెలియకపోతే కాపలా ఖర్చు అవసరం లేని చోట పెట్టి, అవసరమైన చోట చెరువును వదిలేస్తాం.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. తెల్లవారుజామున ఒక చెరువు మీద మాత్రమే పక్షులు గుమిగూడితే ముందుగా నీటిని చూడండి. ఆక్సిజన్ తగ్గితే చేప పైకి వచ్చి నోరు తెరుస్తుంది. అర్గులస్ పట్టినా, మరే జబ్బు చేసినా చేప నీరసించి పైపైన తిరుగుతుంది. పక్షికి అది తేలిక వేట. అలాంటి చోట పక్షిని తోలినంత మాత్రాన చేప బతకదు. ఏరియేటర్ వేయాలి, లేదా కొత్త నీరు పెట్టాలి, జబ్బయితే మందు చూడాలి. చచ్చి తేలిన చేపను వెంటనే తీసి గట్టుకు దూరంగా పాతిపెట్టకపోతే గద్దలు, కాకులు కూడా అలవాటు పడతాయి. రొయ్యల చెరువుల్లో ఇది మరీ ప్రమాదం. తెల్లమచ్చ వైరస్ సోకిన రొయ్యను పక్షి ఎత్తుకుపోయి పక్క చెరువులో జారవిడిస్తే జబ్బు గట్టు దాటుతుంది. అందుకే వనామి సాగుకు అనుమతి ఇచ్చేటప్పుడు పక్షుల అడ్డుతాళ్ళు, పీతల కంచె ఉండాలని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన పెట్టింది. రొయ్యకు ఉన్న ఈ ఏర్పాటు చేప నర్సరీకి ఎందుకు ఉండకూడదు?

చట్టం ఎంతవరకు?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అడవి పక్షులను చంపడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, వలలో పట్టడం, గుడ్లు పగలగొట్టడం, గూళ్ళను చెదరగొట్టడం, ఇవన్నీ ఆ చట్టం దృష్టిలో వేటే. 2022 సవరణ తర్వాత సాధారణ నేరానికే మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. మొదటి షెడ్యూలులోని జీవి అయితే శిక్ష మూడేళ్ళకు తగ్గదు, ఏడేళ్ళ వరకు వెళ్ళవచ్చు. అభయారణ్యం హద్దుల్లో జరిగితే ఇంకా కఠినం.

రెండో షెడ్యూలులోని జీవిని ఒక ప్రాంతంలో, కొంత కాలానికి హానికరమైనదిగా ప్రకటించే అధికారం కేంద్రానికి ఉంది. అలాంటి జీవి ఆస్తికి, నిలిచి ఉన్న పంటకు ప్రమాదమైతే అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్రంలో ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారికి, ఆయన అధికారం ఇచ్చిన అధికారికి ఉంది. కొందరు సభ్యులు అడుగుతున్నది ఈ దారినే. కానీ కేసు వస్తే కోర్టు మెట్లు ఎక్కేది ఎవరు? చెరువు యజమాని కాదు. తుపాకీ పట్టిన కాపలా కూలీ, లేదా చెరువు కౌలుకు చేస్తున్న చిన్న రైతు. ఇది మరచి తొందరపడి ఎవరూ మాట్లాడకూడదు.

చేపలో పురుగుమందు గుళికలు కూరి గట్టు మీద ఉంచే పని అక్కడక్కడ జరుగుతోందన్న మాట మన దాకా వస్తోంది. ఇది ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. ఆ చేపను కుక్క తింటుంది, గద్ద తింటుంది, నీళ్ళలోకి జారితే మన పంటే తింటుంది. తెలియక ఎవరైనా ఏరుకుని కూర వండుకుంటే ప్రాణాలే పోతాయి. మన చేప రాష్ట్రాలు దాటి అమ్ముడుపోయేది నమ్మకం మీద. ఒక్క విషం కబురు చాలు, మార్కెట్టులో ధర పడిపోవడానికి. ఈ పని ఎవరు చేసినా సంఘం వెనకేసుకు రాదు.

కాల్పులతో తీరిందా?

కాల్చడం ఎంతవరకు పనిచేస్తుందో తెలుసుకోవడానికి మనకన్నా ముందు ఆ దారిలో నడిచినవారిని చూడవచ్చు. యూరప్‌లో బొచ్చె జాతి చేపలు పెంచే చెరువులకు పెద్ద నీటికాకి పాత శత్రువు. ఒకప్పుడు విచ్చలవిడిగా చంపడంతో అది చాలాచోట్ల కనుమరుగైంది. 1979లో పక్షుల రక్షణ చట్టం వచ్చాక మళ్ళీ పెరిగింది. 1997లో దానిని ప్రత్యేక రక్షణ జాబితా నుంచి తొలగించారు. నష్టం చూపితే కాల్చడానికి మినహాయింపులు ఇస్తున్నారు. ఫ్రాన్స్ వంటి దేశాల్లో ఏటా వేల పక్షులను కాల్చారు. అయినా అక్కడి చేప రైతుల ఆందోళన ఆగలేదు. 2008లో యూరప్ పార్లమెంటు ఖండం మొత్తానికి ఒకే ప్రణాళిక కావాలని తీర్మానం చేయాల్సి వచ్చింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. చెరువులో చేప ఉన్నంతకాలం చచ్చిన పక్షి స్థానంలోకి మరో పక్షి వస్తుంది.

అమెరికాలో మిసిసిపి ప్రాంతంలో క్యాట్‌ఫిష్ చెరువులు విస్తారంగా ఉన్నాయి. అక్కడ 1998లో 13 రాష్ట్రాల చేప రైతులకు, ఒక్కొక్కరూ విడిగా పర్మిట్ తెచ్చుకోనక్కర్లేకుండా, నీటికాకులను కాల్చే వీలిచ్చారు. పర్యావరణ ప్రభావాన్ని సరిగా పరిశీలించలేదంటూ 2016లో కోర్టు దానిని కొట్టేసింది. రైతులు రాత్రికి రాత్రి మళ్ళీ పర్మిట్ల కోసం తిరగాల్సి వచ్చింది. 2020 చివర్లో మరో రకం నిబంధనలు వచ్చాయి. అంత డబ్బు, అంత పెద్ద రైతు సంఘాలు ఉన్న చోట కూడా తుపాకీ నిలకడైన పరిష్కారం కాలేకపోయింది. రెండు మూడు ఎకరాల కౌలు రైతుకు అది ఎలా దారి అవుతుంది?

మన చేతిలో ఉన్నది

చెరువు దగ్గర అడ్డుకోవడమే చివరికి నిలిచే మార్గం. ఇందులో ఎక్కువ పనులు మన రైతులకు తెలిసినవే. వాటిని పద్ధతిగా, అందరూ కలిసి చేయడమే కావలసింది.

మొదటిది, నర్సరీ చెరువుకు పూర్తి వల. నర్సరీలు చిన్నవి కాబట్టి ఇది సాధ్యం. నష్టం అక్కడే ఎక్కువ కాబట్టి పెట్టిన డబ్బుకు ఫలితం కూడా అక్కడే. వల బిగుతుగా ఉండాలి, దారం కంటికి కనిపించేంత లావుగా ఉండాలి. సన్నని నైలాన్ వలను వదులుగా వేలాడదీస్తే పక్షులు చిక్కుకుని చస్తాయి. అది పాపం సంగతి అటుంచి, కేసుకు కూడా దారి.

రెండోది, పెద్ద చెరువులకు అడ్డుతాళ్ళు. నీటికాకి, గూడబాతు నీటి మీద కొంత దూరం పరుగెత్తితే తప్ప పైకి లేవలేవు. దిగడానికీ వాటికి ఖాళీ కావాలి. చెరువు మీద వరుసగా తాళ్ళు లాగి, గాలికి కదిలే రంగు పీలికలు కడితే అవి దిగడానికి వెనకాడతాయి. గట్టు వార నడిచే కొంగలకు నీటి అంచున రెండు వరసల తాడు, లోతుగా తవ్విన అంచు అడ్డు. అంచు ఏటవాలుగా, పల్చటి నీళ్ళతో ఉంటే మనమే కొంగకు నిలబడే చోటు ఇచ్చినట్టు.

మూడోది, మేత కర్రలు. తవుడు సంచులు కట్టడానికి చెరువంతా పాతిన వెదురు కర్రలే నీటికాకులకు, లకుముకి పిట్టలకు కూర్చునే పీటలు. సంచి దగ్గరకు చేప చేరుతుంది, సంచి పైనే పక్షి కాచుకుంటుంది. కర్రల మీద పక్షి కాలు నిలవకుండా పైన దారం బిగించడం, అవసరం తీరిన కర్రలను పీకేయడం ఖర్చులేని పని.

నాలుగోది, పిల్ల సైజు. మన ఆంధ్ర రైతులు ఏనాడో కనిపెట్టిన పద్ధతి ఇది. పిల్లను ఏడాది దాకా ఒత్తుగా పెంచి, 100 గ్రాములు దాటాక జీరో సైజుగా పెద్ద చెరువులో వేయడం వల్ల పెరుగుదలతో పాటు చిన్న నీటికాకి నుంచి రక్షణ కూడా దొరుకుతుంది. వేలెడు పిల్లను నేరుగా పెద్ద చెరువులో వేసే వారు లాభం లెక్కలో పక్షి వాటాను కూడా తీసేసి చూసుకోవాలి.

అయిదోది, కాపలా సమయం. పక్షి ఒకసారి కడుపు నింపుకున్నాక తోలితే ప్రయోజనం తక్కువ. తెల్లవారుజామున మొదటి గుంపు దిగకముందే మనిషి గట్టు మీద ఉండాలి. ఒకే చోట, ఒకే చప్పుడు అయితే నాలుగు రోజుల్లో పక్షి అలవాటు పడుతుంది. దిష్టిబొమ్మను రోజూ చోటు మార్చాలి, చప్పుడు రకం మార్చాలి. అయితే గూళ్ళు ఉన్న చెట్ల దగ్గర, అభయారణ్యం హద్దుల్లో ఈ పని అసలు చేయకూడదు.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. నా చెరువు మీద నుంచి తోలిన పక్షి ఆకాశంలో ఉండిపోదు, పక్క చెరువు మీద దిగుతుంది. పది మంది కాపలావాళ్ళను పెట్టగలిగిన పెద్ద రైతు తోలితే, కాపలా పెట్టలేని చిన్న రైతు చెరువే వాటికి విందు. అంటే ఎవరికి వారు తోలుకోవడమంటే నష్టాన్ని పైవాడి నుంచి కిందివాడికి బదిలీ చేయడమే. ఊరి ఆయకట్టు మొత్తం ఒకే వేళకు కాపలా కాయాలి, నర్సరీలన్నీ వీలైనంతవరకు ఒకచోట పెట్టుకుని వలలు ఉమ్మడిగా కొనాలి, కాపలా ఖర్చు ఎకరాల లెక్కన పంచుకోవాలి. గ్రామ శాఖలు ఈ సీజనుకే దీని మీద కూర్చోవాలని కోరుతున్నాం.

తెలంగాణ చెరువుల్లో సంగతి వేరు. అక్కడ వందల ఎకరాల ఊరి చెరువు మీద వల వేయడం కుదరదు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే పిల్లల్లో కాలానుగుణంగా ఎండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్లవి, ఏడాది పొడవునా నీరుండే చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి ఇవ్వాలని లెక్క. 40 మిల్లీమీటర్ల పిల్ల నీటికాకికి ఒక్క గుటక. పిల్లను ఆలస్యంగా, మిట్ట మధ్యాహ్నం, ఒకే రేవులో కుమ్మరించి ఫొటో దిగి వెళ్తే సొసైటీకి మిగిలేది సంతకమే. చెరువులోనే వల ఆవరణ కట్టి పిల్లను కొన్నాళ్ళు పెంచి వదలాలి. సాయంత్రం పూట, నాలుగు చోట్ల, తుమ్మ కంప వేసి నీడ ఉన్న తావుల్లో వదలాలి. ఈ ఆవరణలకు ఖర్చు పథకంలోనే కలపాలని మత్స్యకార సంఘాలతో కలిసి మనం కూడా అడగాలి.

ప్రభుత్వం తప్పుకోకూడదు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ పక్షులు మన చెరువులకు ఎందుకు వస్తున్నాయి? కొల్లేరు ఒకప్పుడు వాటికి చాలినంత మేత ఇచ్చేది. సరస్సులోకి చెరువులు పాకాయి, కాలువల మురుగు, ఫ్యాక్టరీల నీరు, గుర్రపుడెక్క కలిసి మిగిలిన నీటిని చెడగొట్టాయి. 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు తెంచారు. సరస్సు బతకాలన్నదే ఉద్దేశమైతే, గట్లు తెంచాక నీరు బాగుపడాలి, సహజ చేప పెరగాలి, అక్కడి పేద మత్స్యకారులకు బతుకు చూపాలి. ఆ సగం పని మిగిలిపోయింది. సరస్సులో మేత కరువైన పక్షి చుట్టుపక్కల చెరువు మీదకు వస్తుంది. దానికి సర్వే నంబర్లు తెలియవు.

కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు గూళ్ళు పెట్టుకోవడానికి అటవీ శాఖ ఇనుప స్టాండ్లు కట్టించింది. మంచి పనే. గూడబాతు ప్రపంచంలోనే తగ్గిపోతున్న జాతి, దక్షిణాసియా దాని ప్రధాన నివాసం. కానీ స్టాండు కట్టిన శాఖ ఆ పిల్లలకు మేత ఎక్కడి నుంచి వస్తుందో కూడా లెక్క వేయాలి కదా! పర్యాటకుడు టికెట్టు కొని చూసే పక్షి, తెల్లవారి వాలేది టికెట్టు లేని రైతు చెరువు మీద. పక్షి అందరిదీ అయినప్పుడు దాని మేత ఖర్చు ఒక్క రైతుదే ఎలా అవుతుంది? ఏనుగు పొలం తొక్కితే పరిహారం ఇవ్వాలన్న సూత్రాన్ని ప్రభుత్వం ఒప్పుకుంది. చేపల చెరువుకు కూడా అదే సూత్రం వర్తించాలి.

మన రైతులు పక్షి శత్రువులని ముద్ర వేసేవారు నేలపట్టును చూడాలి. గూడబాతుల రెట్టలు కలిసిన చెరువు నీటిని పొలాలకు ఎరువుగా వాడుకుంటూ అక్కడి ఊళ్ళవారు తరాలుగా పక్షులను కాపాడుతున్నారు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో జనం పక్షుల రాకను ఊరికి శుభమని భావిస్తారు. లాభం, నష్టం సరిసమానంగా పంచితే రైతుకు పక్షితో పేచీ లేదు.

అందువల్ల సంఘం ప్రభుత్వాల ముందు ఈ డిమాండ్లు ఉంచుతోంది.

ఒకటి, నర్సరీ వలలు, అడ్డుతాళ్ళను 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన తరహా పథకాల్లో విడి యూనిట్‌గా చేర్చి, అందులోలాగే సాధారణ రైతుకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 60 శాతం సబ్సిడీ ఇవ్వాలి. చెరువు చేస్తున్న కౌలు రైతు పేరునే అది మంజూరు కావాలి.

రెండు, మత్స్య శాఖ, అటవీ శాఖ, రైతు ప్రతినిధులు కలిసి సీజనులో పక్షుల సంఖ్య, ఏ జాతి, ఏ చెరువు, ఎంత నష్టం అన్నది లెక్కించాలి. లెక్క లేకపోతే పరిహారం మాటే ఉండదు.

మూడు, అభయారణ్యాల చుట్టుపక్కల చెరువులకు పక్షుల నష్టానికి పరిహారం నిర్ణయించాలి. ఆక్వా బీమా పాలసీల్లో ఈ నష్టాన్ని స్పష్టంగా చేర్చాలి.

నాలుగు, తోలడానికి ఏ పద్ధతులు చట్టబద్ధమో తెలుగులో రాసి ప్రతి గ్రామ సచివాలయంలో అంటించాలి. డబ్బా మోగించిన కూలీ మీద కేసు, విషం పెట్టించినవాడికి రక్షణ అనే పరిస్థితి పోవాలి.

అయిదు, కొల్లేరులోకి వచ్చే మురుగు ఆపి, సరస్సులో సహజ చేప పెంపకానికి నిధులు పెట్టాలి. పక్షి సరస్సులోనే మేత దొరికి అక్కడే నిలవడం అన్ని వలలకన్నా పెద్ద వల.

ఈ నెల గ్రామ శాఖ సమావేశాల్లో ప్రతి చెరువు రైతూ ఒక చిన్న నోటు పుస్తకం తేవాలి. ఏ తేదీన, ఏ పక్షి, ఎన్ని, నర్సరీ మీదా పెద్ద చెరువు మీదా, ఎంత పిల్ల తగ్గింది అన్నది రాయాలి. అధికారుల ముందు మన నోటి మాటకు విలువ తక్కువ, మన లెక్కకు విలువ ఉంటుంది. ఆ లెక్క చేతిలో పెట్టుకునే మత్స్య శాఖ, అటవీ శాఖ కార్యాలయాలకు కలిసి వెళ్దాం.